భాయ్ సైకిల్‌కి గాలి

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. గాలి కొట్టాక టైరు మీద బొటనవేలు పెట్టి అదమాలి. వేలు ఏ కాస్త దిగినా మళ్లీ పంపు పట్టాల్సిందే. జనగామలో మా అబ్బా, అంటే మా నాన్న, అద్దె సైకిళ్ల దుకాణం నడిపిన రోజుల్లో పెట్టిన పద్ధతి ఇది. ఒక్కణ్ణే తొక్కుతానని చెప్పి గంటకు సైకిల్ తీసుకున్నవాడు మూల తిరగ్గానే ముందొకణ్ణి, వెనకొకణ్ణి ఎక్కించుకునేవాడు. గాలి మెత్తగా ఉంటే ఆ బరువుకి రిమ్ము వచ్చి రాయికి తగిలేది, మధ్యలో నలిగి ట్యూబు తెగేది. అందుకని అద్దె సైకిల్ టైరు రాయిలాగా ఉండాలి. తొక్కేవాడి నడుం సంగతి అబ్బాకు అనవసరం. ట్యూబు బతికితే చాలు.

ముగ్గురు పిల్లల్లో చివరివాణ్ణి గనక గాలి కొట్టే పని నాకొచ్చింది. పంపు అడుగును రెండు కాళ్లతో తొక్కిపట్టి, పైకెగిరి, ఒళ్లంతా దాని మీద వేసి కిందికి నొక్కేవాణ్ణి. మా అన్న భాయ్ వచ్చి బొటనవేలితో అదిమి చూసి, "శభాష్ చోటే" అనేవాడు, చోటే అంటే చిన్నోడా అని. అబ్బా ఎప్పుడూ అనలేదు. భాయ్ ఆ మాట అంటే చాలు, ఆ రోజుకి నాకు అన్నం కూడా అక్కర్లేదు.

అందరికంటే పెద్దది అక్క, మేం ఆపా అంటాం. నర్సింహులపేటలో ఇచ్చారు. అక్కడే ఇప్పటికీ కుట్టుమిషను మీద జాకెట్లూ పరికిణీలూ కుడుతుంది. నడిమివాడు భాయ్. పని తెలిసినవాడు, చెయ్యి తిరిగినవాడు, నిజానికి దుకాణం అతనిది కావాల్సింది. అబ్బా ఆయాసంతో మంచం పట్టినప్పుడు దుకాణం మీద అయిదుగురం బతకలేమని తేలిపోయింది. ఒకరోజు భాయ్ పానాలన్నీ తుడిచి, వరసగా బల్ల మీద పెట్టి, "దుకాణం నువ్వు చూస్కో, నేను బాయి పనికి పోతున్న" అన్నాడు. బాయి అంటే భూపాలపల్లిలో బొగ్గుబాయి. రిటైరయ్యేదాకా భూమి లోపల డ్రిల్లు పట్టుకుని బొగ్గు పొరలకి రంధ్రాలు వేశాడు. నేను నీడలో స్టూలు మీద కూర్చుని పంక్చర్లు వేశాను. ఈ మాట ఇన్నేళ్లలో నేను పైకి అనలేదు, అతనూ అనలేదు.

ఒకప్పుడు మేం ముగ్గురం ఒకే జిల్లా వాళ్లం. జిల్లాలు ముక్కలు చేశాక నేను జనగామ, ఆపా మహబూబాబాద్, భాయ్ భూపాలపల్లి అయ్యాం. ఇంట్లో మా మాటలు సగం దక్కనీ ఉర్దూ, సగం తెలుగు. కోపమొస్తే మాత్రం ముగ్గురికీ తెలుగే వస్తుంది. కలిస్తే పోట్లాడకుండా ఉండం గనక మా మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

భాయ్‌కి బస్సు పడదు. చిన్నప్పటినుంచీ అంతే. ఎక్కిన పది నిమిషాలకి నిమ్మకాయ, ఇరవై నిమిషాలకి కవరు. కారైనా ఇదే వరస. బాయిలో అన్నేళ్లు భయం లేకుండా పనిచేసిన మనిషి బస్టాండు చూస్తే తెల్లబోతాడు. మా ఊళ్లకి మోటర్‌సైకిల్ మీదే వచ్చేవాడు, వదిన వెనక కూర్చునేది. వదిన పోయింది. తర్వాత రిటైరయ్యాడు. ఆ ఏడే మోటర్‌సైకిల్ అమ్మేశాడు. ఎందుకంటే "పెట్రోలు దండుగ" అన్నాడు. నేను నమ్మాను. ఆ తర్వాత దాదాపు ఏడాది మాకు అతని మొహం కనబడలేదు. ఫోన్ చేస్తే "మంచిగున్న" అనేవాడు, అంతకుమించి ఒక్క ముక్క లేదు.

కరోనా రోజుల్లో మా ఊరికి రోడ్ బైకులొచ్చాయి, అంటే రేసు సైకిళ్లు. లెక్చరర్లు, బ్యాంకువాళ్లు, ఒక పళ్ల డాక్టరుగారు, అందరూ ఒంటికి అతుక్కుపోయే బట్టలు వేసుకుని తెల్లవారకముందే హైవే ఎక్కేవారు. మా అమ్మీ బతికుంటే ఆ బట్టలు చూసి తలుపేసుకునేది. బండ్లు మాత్రం ముద్దొచ్చేవి. ఒక్క వేలితో లేపొచ్చు. పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగిన హ్యాండిల్, నా వేలంత సన్నటి టైరు. ఆ టైరులో ఎంత గాలి కొట్టాలో తెలుసా, మా అబ్బా కలలో కూడా కొట్టి ఉండడు. అదిమితే బొటనవేలి గోరు తెల్లబడుతుంది తప్ప టైరు కదలదు. లోకం తిరిగి తిరిగి మా దుకాణం పద్ధతికే వచ్చిందని నాకు మహా గర్వంగా ఉండేది. ఫోన్లో వీడియోలు చూసి గేర్లు సరిచెయ్యడం నేర్చుకున్నాను. యాభై దాటిన వయసులో నేనూ ఒకటి కొన్నాను.

బదిలీ మీద పోతూ ఒకాయన వదిలించుకున్న బండిని విప్పి, కడిగి, కొత్త చైను వేసి భాయ్‌కి పంపాను. సరదాకి పంపాను. అతను దాని మీద ఏకంగా నర్సింహులపేట వచ్చేశాడు. తెల్లవారుజామున బయలుదేరి, ములుగు మీదుగా దారి పట్టి, నాలుగైదు చోట్ల ఆగి చాయ్ తాగి, పొద్దు వాలే వేళకి ఆపా ఇంటి ముందు దిగాడు. ఆపా మిషను ఆపి బయటికొచ్చి తిట్టడం మొదలుపెట్టింది. "గింత దూరం తొక్కుకుంట వస్తరా ఎవలన్న? గుండె ఆగితే?" అని తిడుతూనే చెంగుతో అతని మెడ తుడిచింది.

అలా నెలకో శనివారం అయ్యింది. నేను జనగామ నుంచి మధ్యాహ్నానికి చేరేవాణ్ణి, భాయ్ సాయంత్రానికి. ముగ్గురం ఒక నులకమంచం మీద కూర్చుని జొన్నరొట్టె, బోటికూర తినేవాళ్లం. బావ మా కొట్లాటలు వినలేక ముందే తినేసి పక్కింటికి పోయేవాడు. ఆదివారం పొద్దున భాయ్ బయలుదేరే ముందు నేను పంపు తీసేవాణ్ణి. రెండు చక్రాలకీ నిండా గాలి కొట్టి, బొటనవేలితో అదిమి చూసేవాణ్ణి. అతను పక్కన నిలబడి చూసి "శభాష్" అనేవాడు. ఆ ఒక్క మాట మీద నేను ఇంటిదాకా ఎగురుకుంటూ పోయేవాణ్ణి.

ఈలోగా నా దుకాణంలో గాలి మారింది. కోతలప్పుడు మా వైపు రోడ్ల సంగతి తెలిసిందే. తారురోడ్డు సగం వడ్లది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోయాక రాళ్లు అక్కడే ఉంటాయి. మిగతా సగం రోడ్డు లారీలది. ఒకరోజు పళ్ల డాక్టరుగారు చైను నిండా వడ్ల పొట్టుతో వచ్చి, "ఏం జెయ్యాలన్నా, ముందల వడ్లు, ఎనుక లారీ. పక్కకు మట్టిలకి దిగుదామంటే నా టైరుకు అది రాదు" అన్నాడు. నెల తిరగకుండా మట్టిలో కూడా పోయే గ్రావెల్ బైక్ కొన్నాడు.

చూడ్డానికి రోడ్ బైకులాగే ఉంది. అదే వంకర హ్యాండిల్. టైరు మాత్రం రెండింతల లావు, మీద చిన్న చిన్న బొడిపెలు. అలవాటు కొద్దీ అదిమి చూశాను. వేలు దిగింది!

"ఇదేం టైరు సారూ, రొట్టెల పిండి లెక్కనే ఉన్నది" అన్నాను. ఆయన లోపలికి పోయి ఫోన్ మాట్లాడి వచ్చేలోపు రాయి చేసి పెట్టాను. ఆయన ఎక్కి, బజారు చివరిదాకా పోయి, తిరిగొచ్చి, నా ఎదురుగానే సగం గాలి వదిలేశాడు. "గింతనే ఉండాలన్నా, మెత్తగుంటేనే మట్టిల పట్టు దొరుకుతది, ఒంటికి దెబ్బ తెలువది" అన్నాడు. నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. నా ఎదురుగా, మా అబ్బా దుకాణంలో, కొట్టిన గాలి వదులుతాడా?

ఆయన తర్వాత లెక్చరరు, ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. ఏడాది తిరిగేసరికి నా గోడకి సన్నటైర్ల బండ్లు వేలాడుతున్నాయి, అమ్మిపెట్టమని వదిలేసినవి. అందరూ లావు టైర్లేసుకుని కాలువకట్టల మీద, చెరువుకట్టల మీద, పొలాల డొంకల్లో తిరుగుతున్నారు. "దున్నపోతు టైర్లు" అని పేరు పెట్టాను. "రోడ్డు మీద తొక్కే దమ్ము లేనోళ్ల బండ్లు" అని వచ్చినవాడికల్లా చెప్పాను. గిరాకీ పోతుందని మా ఆవిడ నోరు మూయించబోతే ఆమె మీదా ఎగిరాను.

వానలు వెనకపట్టాక భాయ్ ఫోన్ చేశాడు. తనంతట తను ఫోన్ చేసే మనిషి కాదు.

"చోటే, సైకిల్ అమ్మేద్దామనుకుంటున్న. ఎవలన్న ఉంటే చూడు" అన్నాడు.

"ఎందుకు?"

"నా తోటి అయితలేదురా. చేతులు మొద్దువారుతున్నయి."

"హ్యాండిల్‌కు మందం టేపు చుడత. మంచి గ్లౌజులు పంపిస్త."

"వద్దు."

"వద్దంటే? మరి ఎట్లొస్తవ్? బస్సుల వస్తవా?"

నాకు మండిపోయింది. నిజానికి భయమేసింది, నాకు భయమేస్తే కోపంలాగానే బయటికొస్తుంది. "ముసలోనివయినవ్, గా మాట చెప్పు" అన్నాను.

"అవ్, అయిన" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ నెల రాలేదు. పై నెలా రాలేదు. ఆపా అలవాటుగా ముగ్గురికి చాలేంత బోటికూర వండి, మూడో వంతు గిన్నెలో మూతపెట్టి కూర్చుంది. బస్సెక్కి ఆపా వెళ్లి చూసి రావచ్చు, నేనూ పోవచ్చు. కానీ ఎవరో వచ్చి చూసి పోవడం వేరు, తన కాళ్ల మీద తాను రావడం వేరు. సైకిల్ పోతే భాయ్ ఆ కిరాయి ఇంట్లో కుర్చీకి అంటుకుపోతాడు, మళ్లీ "మంచిగున్న" అనే ఒక్క ముక్క దగ్గరికి వచ్చేస్తాం. అది నాకూ తెలుసు, ఆపాకీ తెలుసు.

రెండోసారి అతను రాని శనివారం నాడు నేను మంచం మీద కూర్చుని తెగ వాగాను. మందం టేపు చుడతానంటే వద్దన్నాడని, దారిలో ఎప్పుడూ పంక్చర్లు చేసుకుంటాడని, చూసి తొక్కడం రాదని. ఆపా మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపింది.

"పంక్చర్లు ఎందుకైతయో ఎరికేనా నీకు?" అంది.

"ముండ్లు గుచ్చుకుంటయ్ అని ఆయనే చెప్పిండు."

"ముండ్లు గాదు. గాలి తీసేస్తడు."

నాకు అర్థం కాలేదు. ఆపా చెప్పింది. పోయిన ఎండాకాలం భాయ్ కళ్లజోడు మర్చిపోయి బయలుదేరితే, ఇవ్వడానికి వెనకాలే పోయింది. ఊరి బయట కాలువ మీది చిన్న వంతెన, అదే మోరీ, దగ్గర దొరికాడు. సైకిల్‌ని మోరీ గోడకి ఆనించి, చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ సన్నటైర్ల బండ్ల వాల్వు చివర గింజంత నట్టు ఉంటుంది, దాన్ని వదులు చేసి నొక్కితేనే గాలి పోతుంది. ఆ నట్టు అతని వేళ్లకి తెలియడం లేదు. తల వంచి, పళ్లతో తిప్పుతున్నాడు.

"నెలనెలా గంతేనటరా" అంది ఆపా. "నువ్వు రాయి లెక్క కొడ్తవ్. రోడ్డు మీద ప్రతి దెబ్బ చేతులకే తాకుతది. బాయిల డ్రిల్లు పట్టి పట్టి ఎప్పుడో పోయినయ్ వాని వేళ్లు. మోటర్‌సైకిల్ గూడ గందుకే అమ్మిండు, క్లచ్చు పట్టవశం గాక. గాలి తీస్తే జర నయముంటదట. మెత్తగైతే పంక్చర్. గా వేళ్లతోటే ట్యూబు మార్చుకుంట పోతడు."

"నాకెందుకు చెప్పలే?" అని అరిచాను. ఇంట్లో ఎవరూ లేరు గనక సరిపోయింది. "నీకు ఎరికయ్యి నువ్వెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని ఒట్టేసిండు." ఆపా గొంతు తగ్గించింది. "నేను దుకాణం వానికిచ్చిన్నని చోటే మనసుల ఉంటది ఆపా, గాలి కొడ్తే వాని బరువు దిగుతది, కొట్టుకోనీ అన్నడు."

ఆ తర్వాత నేనేమన్నానో నాకు గుర్తులేదు. తిన్నానో లేదో కూడా గుర్తులేదు. మర్నాడు జనగామ పోయే ముందు, భాయ్ పోయే దారిన ఆ మోరీ దాకా పోయి దిగాను. చూడ్డానికి అక్కడేముంటుంది, సిమెంటు గోడ, కాలువలో ఇంత నీళ్లు. నెలనెలా నేను ఎగురుకుంటూ ఇంటికి పోతున్న సమయానికి మా అన్న ఇక్కడ మోకాళ్ల మీద ఉన్నాడు. నేను ప్రేమగా కొట్టిన ప్రతి దెబ్బ గాలీ అతని చేతుల్లోకి పోయింది. నా అంత మూర్ఖుడు మూడు జిల్లాల్లో ఉండడని అక్కడే తేల్చుకున్నాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

సోమవారం పొద్దున్నే పళ్ల డాక్టరుగారి ఇంటికి పోయి, "మీ దున్నపోతును ఒక్క రోజు ఇయ్యిండ్రి సారూ" అన్నాను. ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. గాలి ఎంత ఉండాలో ఆయన్నే చూపించమన్నాను. నా యాభై ఏళ్ల నోటితో గాలి గురించి ఇంకొకర్ని అడగడం అదే మొదలు.

తరిగొప్పుల వైపు పోయాను. కోతల కాలం, రోడ్డు మీద వడ్లు. ఒక అవ్వ వడ్లని పాదాలతో చాళ్లు చాళ్లుగా తిరగేస్తూ, నన్ను చూడగానే చెయ్యెత్తి తిట్టడానికి సిద్ధమైంది. నేను రోడ్డు దిగి మట్టిలోంచి పోయాను. సన్నటైర్ల మీదైతే అక్కడ బ్రేకేసి, దిగి, మోసుకుపోవాలి, లేదా ఆమె వడ్ల మీదినుంచి పోయి ఆమె నోట పడాలి. "గిట్ల పోతే ఏం బోయిందిరా కొడుకా!" అంది అవ్వ వెనకనుంచి. ఆ మెప్పుకి తబ్బిబ్బై, రోడ్డు వదిలేసి పొలాల డొంక పట్టుకున్నాను. రాళ్లు, గుంతలు, ట్రాక్టరు చక్రాల గాడులు. నా దృష్టంతా చేతుల మీదే. ఇంటికొచ్చి హ్యాండిల్ వదిలితే వేళ్లు మామూలుగా ఉన్నాయి, చాయ్ గ్లాసు వేడి వెంటనే తెలిసింది. రోడ్ బైక్ దిగిన రోజుల్లో కాసేపు గ్లాసు పట్టుకోలేకపోయేవాణ్ణని అప్పుడు తట్టింది. అది కష్టపడ్డందుకు గుర్తని మురిసిపోయేవాణ్ణి.

నా బండి ఇచ్చేసి, దానికి కొంత కలిపి, హన్మకొండలో ఒకరు వాడిన గ్రావెల్ బైక్ తెచ్చాను. భాయ్ ఎత్తుకి సరిచేశాను, నట్టుతో పనిలేని మామూలు వాల్వు ఉన్న ట్యూబులు వేశాను. లారీలో వేసి పంపొచ్చు. కానీ ఆ బండి ఆ దారిన పోగలదో లేదో తెలియకుండా మళ్లీ అతని చేతికివ్వడానికి నాకు ధైర్యం లేదు. దుకాణం మూసి నేనే బయలుదేరాను. శనివారం ఆపా దగ్గర పడుకుని, ఆదివారం కొత్తగూడ అడవిలోంచి పోయాను. లారీలు తిరిగే పెద్దరోడ్డు వదిలేసి ఎర్రమట్టి బాటలు పట్టాను. రెండుసార్లు దారి తప్పాను. ఇప్పచెట్ల కింద నేలంతా ఎండుటాకులు పరుచుకుని ఉన్నాయి. ఒకామె నీళ్లిచ్చి, ఎక్కడికని అడిగి, భూపాలపల్లి అంటే నన్నూ బండినీ మార్చి మార్చి చూసింది.

భాయ్ ఇంటి ముందు దిగేసరికి సాయంత్రమైంది. అతను బనీనుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గోడ కొయ్యలకి అంగీలు వేలాడుతున్నాయి, అన్నీ ఇస్త్రీవి, అన్నిటి మీదా దుమ్ము. గుండీలు పెట్టుకోలేక తొడగడం మానేశాడని నాకు వెంటనే అర్థమైంది. ఇన్నేళ్లూ అర్థం కానివన్నీ ఇప్పుడు వెంటవెంటనే అర్థమవుతున్నాయి.

"ఎవనిది గీ ఎద్దుబండి?" అన్నాడు.

"నీదే."

"నాకెందుకురా? చెప్పిన గదా, అయితలేదని."

నేను సంచిలోంచి పంపు తీసి అతని కాళ్ల దగ్గర పెట్టాను. "ఎంత గాలి ఉండాల్నో నువ్వు చెప్పు భాయ్. నువ్వు చాలంటే ఆపుత" అన్నాను.

పంపు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఆపా చెప్పిందా?"

"చెప్పింది."

"ముసల్దాని నోట్లె నువ్వుగింజ నానది" అన్నాడు. నేను నవ్వబోయి ఏడ్చాను. అతని ఎదురుగా కూర్చుని, చెయ్యి తీసుకుని, వేలి కొస నొక్కి, తెలుస్తోందా అని అడిగాను. తెలుస్తలేదన్నాడు. రెండో కణుపు నొక్కాను. తెలుస్తలేదు. అరచెయ్యి నొక్కాను. "జరంత" అన్నాడు. మణికట్టు మీద నొక్కితే, "ఆఁ, గాడ తెలుస్తుంది. గంత గట్టిగనా?" అన్నాడు. పోయింది మళ్లీ రాదని, ఉన్నది కాపాడుకొమ్మని దవాఖానలో చెప్పారట. అది చెప్పి కూడా రెండేళ్లయిందట.

"నొస్తుందని ఒక్కసారి చెప్తే ఏమైతుండె?"

"చెప్తే నువ్వు మల్ల పంపు ముడతవా?" అన్నాడు. "ఏడువకు. ఏడ్పు మొకపోడా, చాయ్ పెట్టుకొస్త."

ఆ సాయంత్రం కాలనీ వెనక మట్టిబాటలో ఒక చుట్టు తొక్కాడు. నేను పక్కన పరుగెత్తాను. ఎట్లుందంటే "మంచిగుంది" అన్నాడు. ఆ మాటంటే నాకు నమ్మకం పోయింది. శనివారం వస్తావా అంటే చూస్తానన్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఆ శనివారం పొద్దు వాలింది, భాయ్ రాలేదు. నేనూ ఆపా గడపలో నిలబడి తారురోడ్డు వైపే చూస్తున్నాం. ఫోన్ ఎత్తడం లేదు. "అడివిలకెల్లి రమ్మన్నవా? ముసలోన్ని అడివిల పడేసినవా?" అని ఆపా మొదలుపెట్టింది. నాదీ అదే భయం. బావని మోటర్‌సైకిల్ తియ్యమందామని ఇంట్లోకి తిరిగేసరికి పెరట్లో కోళ్లు గోల పెట్టాయి.

భాయ్ కాలువకట్ట మీదినుంచి పొలం గట్టు పట్టుకుని, పెరటి దారిన వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, ఒళ్లంతా దుమ్ము. కాలు తిప్పి దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆపా చెంబుతో నీళ్లందిస్తే తాగలేదు, ముందు నా మీదికొచ్చాడు.

"ఏం సీటురా గిది? మనిషి కూసునే సీటేనా? కొత్తగూడ దాటినప్పటిసంది నొచ్చుడే నొచ్చుడు, సగం దూరం నిలవడే తొక్కిన. జనగామల నీకు ఇంతకన్న మంచిది దొరకలేదా?"

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మా అన్న నాకు ఏదీ నొస్తుందని చెప్పలేదు. డ్రిల్లు పట్టినన్నాళ్లూ చెప్పలేదు, వదిన పోయినప్పుడు చెప్పలేదు.

"ఇంకేం నొస్తుంది?" అన్నాను.

"ఇంకేందా? మెడ. ఎడమ మోకాలు. హ్యాండిల్ గూడ జర దూరముంది, అందుకుందామంటే నడుం గుంజుతుంది" అంటూ మంచం మీద కూలబడ్డాడు. ఆపా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను పానా తెచ్చి సైకిల్ పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను.